ఒక్క వాత

మా మేనత్త కాటమ్మతో తగాదా పెట్టుకుని గెలిచిన మనిషిని నేను చూడలేదు. బావి దగ్గరైనా, గొర్ల దొడ్డి దగ్గరైనా, పెళ్లిపందిట్లోనైనా, ఆఖరికి చావింట్లోనైనా సరే, చివరి మాట ఆమెదే. ఆమె కొంగు తీసి నడుముకు బిగించిందంటే ఎదుటివాళ్లు తమ వైపు న్యాయమున్నా తప్పు ఒప్పేసుకుని ఇంటికి పోయేవాళ్లు. నన్ను ఐదో ఏట నుంచి పెంచింది ఆమే కనక ఈ మాట అనే హక్కు నాకుంది. ముద్ద పెట్టేటప్పుడు కూడా తిట్టేది. తిట్టకుండా పెట్టిన రోజు ఒంట్లో బాగాలేదేమోనని నేను నుదురు పట్టి చూసేదాన్ని.

ఆమె గురించి రాయడానికి పెద్ద సంగతులేమీ లేవు. తిరుమలగిరికి రెండు కోసుల దూరంలో ఉన్న ఊళ్లో పుట్టింది, అక్కడే మేనబావ రామనర్సయ్యను చేసుకుంది, అక్కడే పోయింది. పిల్లలు కలగలేదు. గొర్లు ఉండేవి. మూడుసార్లు కరువు చూసింది. కానీ ఒక్క సంగతి ఉంది. ఆ సంగతిలో మాత్రం చివరి మాట ఆమెది కాదు.

అత్త వాతలు పెట్టేది. మా కురుమ ఇళ్లల్లో అది మగవాళ్ల పని. అయినా ఆమె చేతివాటం చూసి ఊరంతా ఆమె దగ్గరికే వచ్చేది. జానెడు ఇనుపకడ్డీ, కొస శెనగ గింజంత గుండ్రంగా ఉండేది. దాన్ని ఎప్పుడూ చూరులో చెక్కి ఉంచేది. గొర్రె కుంటితే వాత, మనిషికి నడుము పట్టేస్తే వాత, పసిపిల్లకు పొట్ట ఉబ్బితే వాత. ఎక్కడ పెట్టినా పొయ్యిరాళ్ల లాగా మూడు చుక్కలు. ఒకటే పెడితే రోగం పక్కకు జరిగి కూర్చుంటుందట. రెండు పెడితే నడుమ నుంచి తప్పించుకుంటుందట. మూడు పెడితే ఎటూ పోలేక అక్కడే చస్తుందట. ఇది మా తాతల నాటి లెక్క, ఎవరూ మార్చలేదు. మా ఊళ్లో పెద్దవాళ్లందరి ఒంటి మీదా ఎక్కడో ఒకచోట ఆ మూడు చుక్కలుంటాయి. నా ఈడువాళ్లకు మాత్రం లేవు. ఎందుకు లేవో చెప్పడానికే ఇదంతా.

పోలీసు చర్య అయిపోయి, నిజాం రాజ్యం పోయి, రజాకార్ల భయం తీరిందని జనం ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఊపిరి లోపలికి పోకముందే, నలభై తొమ్మిది ఎండాకాలంలో మా ఊరి దొర ఖాళీ చేసి పోయిన గడిలో మిలిటరీ క్యాంపు వెలిసింది. చుట్టుపక్కల గుట్టల్లో కమ్యూనిస్టు దళాలు తిరుగుతున్నాయని, ఊరివాళ్లే అన్నం పెడుతున్నారని వాళ్ల అనుమానం. ఊరి చుట్టూ తుమ్మకంప కొట్టించి కంచె వేశారు, అదీ మా చేతనే. ఒక్కటే దారి, ఆ దారికి ఒక తుపాకి. బయటికి పోవాలంటే చిట్టీ కావాలి. పొద్దు గూకే లోపల తిరిగి రావాలి. గొర్లకు కూడా తలకాయలు లెక్కబెట్టి చిట్టీ ఇచ్చేవారు. దొడ్డిలో కట్టేసిన మంద ఆకలికి అరుస్తుంటే కంచెకు అవతల పచ్చగడ్డి కనిపిస్తూ ఉండేదట. అత్త ఈ మాట చెప్పినప్పుడల్లా పళ్లు కొరికేది.

ఆ రోజుల్లోనే రామనర్సయ్య మామ ఊరికి తిరిగొచ్చాడు. మాఘంలో కోదాడ వైపు అనంతగిరి దాకా మందను తోలుకుపోయాడు. వరి కోసిన మళ్లలో మందను పడుకోబెడితే రైతులకు ఎరువు దొరుకుతుంది, గొర్లకు మేత దొరుకుతుంది. ప్రతి ఏడూ పోయేదే. ఈసారి మాత్రం ఉగాది దాటాక కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. మామ నెమ్మదస్తుడు, మాట తక్కువ. అత్త వంద మాటలకు ఆయనది ఒకటి. కానీ ఆ ఒక్కటి గుర్తుండిపోయేది.

"ఏమైంది బావా కాలుకు?" అని అడిగింది అత్త.

"ఏమో. తొడ పట్టేసింది. పది దినాల సంది గుంజుతున్నది."

అత్త ఆయన్ను అరుగు మీద పడుకోబెట్టి ధోతి పైకెత్తి చూసింది. తొడ బయటి వైపు రెండు వేళ్ల మందం ఉబ్బి ఉంది. ఎర్రబడలేదు. వేలితో నొక్కితే గుంట పడలేదు, పచ్చి మోదుగ కట్టెను నొక్కినట్టుంది. ఒళ్లు వెచ్చగా ఉంది. మోకాలు చాపమంటే చాపలేకపోయాడు. ఆ వాపు నడినెత్తిన, గింజంత నల్లటి పెచ్చు ఒకటి కట్టి ఉంది.

"ఇదేంది?"

"ముల్లు గీసిందేమో."

అత్త అరచేతిని వాపు మీద ఆనించి, నెమ్మదిగా అదుముతూ, చెవి దగ్గరగా పెట్టి విన్నది. పశువులకు, గొర్లకు జబ్బవాపు అని ఒక పాడురోగం వస్తుంది. కండలో విషం పుట్టి, నొక్కితే చర్మం కింద పేలాలు వేగినట్టు చిటచిటమంటుంది. అది వచ్చిన జీవం రెండో పొద్దు చూడదు. మామ తొడ చిటచిటమనలేదు. అత్త ఊపిరి పీల్చుకుంది.

"జబ్బవాపు కాదు. గడ్డ లేస్తున్నది, ఇంకా పండలే" అని తేల్చేసింది.

అది సగం నిజం. మిగతా సగం ఆమెకు తెలియదు, తెలిసే దారీ లేదు. మనకు తెలిసిన గడ్డ చర్మంలో లేస్తుంది. నాలుగు రోజులకు మెత్తబడి, పసుపుపచ్చగా తల ఎత్తుతుంది. అప్పుడు ముల్లుతో గుచ్చితే పోతుంది. పండని గడ్డ కొయ్యకూడదు, కోస్తే విషం ఒళ్లంతా పారుతుంది. ఇది అందరికీ తెలిసిన శాస్త్రమే. మామకు లేచింది కండ లోపలి గడ్డ. కండ మీద తోలు లాంటి గట్టి పొర ఉంటుంది. ఆ పొర కింద ఎంత చీము పట్టినా బయటికి తల ఎత్తదు. అది పండేదాకా ఆగడమంటే మనిషి పోయేదాకా ఆగడమే. అత్త పన్నెండు రోజులు ఆగింది. వేపాకు నూరి కట్టింది, జొన్నపిండి ఉడికించి కట్టింది, ఉల్లిగడ్డ కాల్చి కట్టింది. తొడ ఇంకా బిగిసింది. జ్వరం ఎక్కింది. చలికి మామ పళ్లు టకటకలాడేవి.

పదమూడో రోజు పొద్దున చూరులోంచి కడ్డీ తీసింది.

వాపు నడినెత్తిన, సరిగ్గా ఆ నల్ల పెచ్చు మీద మొదటి వాత పెట్టింది. మామ అరవలేదు. "కాటీ..." అన్నాడంతే. ఆయన ఆమెను అట్లా పిలిచింది పెళ్లయిన కొత్తలోనేనట. రెండోది పెట్టడానికి అత్తకు చెయ్యి రాలేదు. కడ్డీని వాకిట్లోకి విసిరేసి, తొడ మీద నెయ్యి రాసి, ఏడ్చింది. మా అత్తకు జాలి కలిగిన సందర్భాలు ఒక చేతి వేళ్లకు మించవు. ఆ ఒక్క జాలే ఆమె కొంప ముంచింది.

రెండు రోజులకు క్యాంపువాళ్లు ఊరు చుట్టేశారు. ముందురోజు తుంగతుర్తి వైపు ఎక్కడో కాల్పులు జరిగాయట, దెబ్బ తగిలినవాళ్లు ఊళ్లలో దాక్కున్నారట. మగవాళ్లందర్నీ గడి ముందు మైదానంలో ఎండలో నిలబెట్టి, చొక్కాలు విప్పించి, ధోతులు ఎత్తించి ఒంటి మీద గాయాలు వెతికారు. నిలబడలేని మనిషి మామ ఒక్కడే. తొడ ఉబ్బి ఉంది, దాని నడుమ గుండ్రంగా, నల్లగా, అంచులు కాలి శెనగ గింజంత గాయం. జ్వరంతో కళ్లు ఎర్రగా ఉన్నాయి. పైగా రెండు నెలలు ఊళ్లో లేడు. ఇంకేం కావాలి?

అత్త పరుగెత్తుకుపోయి క్యాంపు సుబేదారు ముందు నిలబడింది. ఆయన ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. మా ఊరి పోలీసు పటేలు నడుమ నిలబడి అటూ ఇటూ చెప్పేవాడు.

"తుపాకి గుండు కాదు అయ్యా, వాత! నేనే పెట్టిన. నా చేతులతోని పెట్టిన!"

పటేలు ఆ మాటను ఉర్దూలోకి మార్చకుండా ఆమె వైపు తిరిగాడు. "వాతయితే మూడుండాలె గదనే కాటమ్మా. నువ్వు నాకు నడుముకు పెట్టినవి మూడు. నా కొడుకుకు పొట్టకు పెట్టినవి మూడు. నీ మొగనికి ఒక్కటేంది?" అని అడిగి, అదే మాట సుబేదారుకు వివరంగా విప్పి చెప్పాడు.

పటేలు చెడ్డవాడు కాదు, భయస్తుడు. దొంగకు పక్కింటి దారి చూపితే తన ఇల్లు తప్పుతుందనుకునే రకం. అయినా అత్త అతన్ని చచ్చేదాకా క్షమించలేదు, నాకూ క్షమించబుద్ధి కాదు.

మామను గడిలో ధాన్యం కొట్టులో వేశారు. కిటికీ లేదు. అత్త గడి గుమ్మం ముందు నాలుగు పగళ్లు కూర్చుంది. పొద్దున ఒకసారి గంజి ఇవ్వడానికి లోపలికి పంపేవారు. గంజి తాగించేంతసేపు చూసేది. మొదటి రోజు మామ మాట్లాడాడు. రెండో రోజు నీళ్లడిగాడు. మూడో రోజు ఆమెను గుర్తుపట్టక గొర్లను అదిలిస్తున్నట్టు నోటితో చప్పుడు చేశాడు. నాలుగో రోజు ఆ చప్పుడు కూడా లేదు. తొడ గుమ్మడికాయలా నిగనిగలాడుతోంది, గజ్జల్లో బిళ్లలు కట్టాయి.

సుబేదారు మాట ఒక్కటే. దళంలో ఎవరెవరున్నారో, గుండు ఎక్కడ తగిలిందో చెబితే సూర్యాపేట దవాఖానకు పంపుతాను. చెప్పకపోతే ఇక్కడే. చెప్పడానికి మామ దగ్గర ఏమీ లేదు. ఉన్నా చెప్పే తెలివిలో లేడు. అత్త సూర్యాపేట పోయి డాక్టరును కాళ్లు పట్టుకుని తెచ్చుకుందామంటే చిట్టీ లేదు. అడిగితే ముద్దాయి పెళ్లానికి చిట్టీ లేదన్నారు. కంచె దూకితే కాలుస్తారు. కూర్చుంటే మొగుడు పోతాడు.

నా అత్తను నేను ఎరుగుదును. ఆ నాలుగు రోజులూ ఆమెను తొలిచింది కంచె కాదు. ఆ నల్ల పెచ్చు. వాత పెట్టిన చోట ముందే ఉన్న ఆ పెచ్చు. ముల్లు గీసిందేమో అన్నాడు గానీ, ముల్లే గీసింది అనలేదు. రెండు నెలలు కళ్లముందు లేడు. మాట తక్కువ మనిషి, ఏ గుట్టల్లో ఎవరికి పాలు పోశాడో, ఎవరితో నడిచాడో ఆమెకేం తెలుసు? నిజంగా అది గుండు చేసిన కన్నమైతే, దాని మీదే వాత పెట్టి, తన చేత్తోనే కాల్చి మూసేసింది. వాత అని గొంతు చించుకుని అరుస్తూనే లోపల ఆమె తేలు కుట్టిన దొంగలా నలిగిపోయింది.

నాలుగో రోజు గంజి గిన్నె అట్లాగే వెనక్కి తెచ్చి సుబేదారు బల్ల మీద పెట్టింది.

"లోపట గుండున్నది అంటున్నవ్ గదా. కోయించు. నీ కండ్ల ముంగట కోయించు. గుండు ఎల్తే నన్ను గూడ గాడనే కట్టేయ్. ఎల్లకపోతే మనిషిని ఇయ్యి."

ఈసారి పటేలు ఏమీ కలపకుండా చెప్పాడు. సుబేదారు చాలాసేపు ఆమె ముఖం చూసి, సూర్యాపేటకు జీపు పంపాడు.

జీపులో వచ్చినవాడు మత్తయ్య కంపౌండరు. ఊరు మిర్యాలగూడ, మిషను దవాఖానలో కట్లు కట్టడం నేర్చుకుని, యుద్ధంలో పటాలంతో బర్మా దాకా పోయి వచ్చాడు. సూర్యాపేటలో ఒక చిన్న గది పెట్టుకుని పుండ్లు, విరిగిన చేతులు చూసేవాడు. నేను ఆయన్ను చూసింది ఆయన ముసలితనంలో. సన్నగా, కోపిష్ఠిగా ఉండేవాడు. రోగులను తిట్టడంలో మా అత్తకు తగ్గ జోడీ.

కొట్టులోకి దీపం తెప్పించుకుని మామ తొడ చూశాడు. వంగి వాసన చూశాడు. తర్వాత అరచెయ్యి ఆనించి, నెమ్మదిగా అదిమి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"చిటచిటమంటలేదు. నేను సూసిన" అంది అత్త మూల నుంచి.

మత్తయ్య తల తిప్పాడు. బర్మాలో తుపాకి గాయాల్లో కండ కుళ్లి, గాలి పుట్టి, ఒక్క పూటలో మనుషులు పోవడం ఆయన చూశాడు. ఆ పరీక్ష పటాలం డాక్టర్లు నేర్పినది.

"నీకెవరు నేర్పిన్రమ్మా గిది?"

"గొర్లు."

ఆ పరిస్థితిలో కూడా ఆయనకు నవ్వొచ్చిందట. తర్వాత మామ మోకాలు మడిచి, కదిపి, ఎముక వెంట వేళ్లతో తట్టి చూశాడు. కాలిన పెచ్చు లేపి, దాని కిందికి సన్నటి వెండి పుల్లను నెట్టాడు. పోలేదు. సుబేదారు వైపు తిరిగి హిందీలో చెప్పాడు. గుండు పోయుంటే లోపలికి దారి ఉండాలి, ఇక్కడ దారి లేదు, పైన కాలింది అంతే. ఎముకకు దెబ్బ లేదు. కండలో చీము పట్టింది. గాయమే లేకుండా, నెత్తురులో తిరిగే సూక్ష్మజీవి కండలో చిక్కుకుని పుట్టే గడ్డ ఇది, ఈ ఎండల దేశంలో చూస్తుంటాం. ఈ పొద్దే కొయ్యకపోతే రేపటికి మనిషి ఉండడు.

దారి పూడిపోయి ఉండొచ్చు గదా, అన్నాడు సుబేదారు.

మత్తయ్య సూది గుచ్చాడు. పిచికారి వెనక్కి లాగాడు. ఏమీ రాలేదు. మళ్లీ గుచ్చాడు. రెండు చుక్కల నెత్తురు. పటేలు సుబేదారు ముఖంలోకి చూశాడు. అత్త గోడకు అతుక్కుపోయింది. మత్తయ్య తనలో తాను ఏదో తిట్టుకుంటూ సంచి గాలించి, పశువులకు వాడేంత లావు సూది తీసి, మొదలంటా దించాడు. ఈసారి పిచికారిలోకి చిక్కగా, గోధుమరంగు చీము మెల్లగా ఎక్కింది.

"చీమున్నది. ఇగ గుండు సంగతి కోస్తే తెలుస్తది" అన్నాడు.

మనిషిని పూర్తిగా పడుకోబెట్టే మత్తుమందు ఆయన దగ్గర లేదు. ఉన్నా ఆ జ్వరంలో ఇవ్వననేవాడే. చర్మం తిమ్మిరెక్కే సూది మాత్రం వేశాడు. మామను కొట్టులోంచి వరండాలోకి తెచ్చి, నలుగురు జవాన్లు పట్టుకున్నారు. వెలుగుకో, గాలికో, మామకు కొంచెం తెలివొచ్చింది. కళ్లు తెరిచి అత్తను చూశాడు. ఆమె చేతిలో ఇత్తడి తాంబాళం ఉంది.

మత్తయ్య తొడ పొడుగునా జానెడు కోశాడు. చీము రాలేదు. తెల్లటి గట్టి పొర కనపడింది, దాన్నీ కోశాడు. రాలేదు. మొద్దు పట్టకారు కండ పోగుల నడుమ దూర్చి నెమ్మదిగా విప్పాడు. అప్పుడు కట్ట తెగినట్టు వచ్చింది. తాంబాళం బరువెక్కి అత్త దాన్ని మోకాలికి ఆనించుకుంది. సేరు పైనే ఉంటుందని మత్తయ్య చెప్పేవాడు. ఆయన వేలు లోపలికి పెట్టి తిప్పుతూ ఒకచోట ఆగాడు. అందరూ ఆగారు.

"ఎముక" అన్నాడు. మళ్లీ తిప్పాడు.

తాంబాళంలోది వడబోయమన్నాడు సుబేదారు. మత్తయ్య పల్చటి గుడ్డ ఇచ్చాడు. అత్త బక్కెట్టు మీద గుడ్డ పరిచి, నీళ్లు కలిపి, మజ్జిగ వడబోసినట్టు పోసింది. గుడ్డ మీద కండ పోగులు, గడ్డలు మిగిలాయి. సుబేదారు కర్రపుల్లతో కదిపి చూశాడు. ఏమీ లేదు. ఆయన ముఖంలో బిగువు సడలింది. మత్తయ్య వైపు తిరిగి, బతుకుతాడా అని మొదటిసారి అడిగాడు.

వాళ్లు మాట్లాడుకునేంతలో తొడలోంచి ఇంకా కారి తాంబాళం మళ్లీ సగం నిండింది. పారబొయ్యమని సుబేదారు చెయ్యి ఊపాడు. అత్త పారబొయ్యలేదు. వరండా మూలకు పోయి, అందరికీ వీపు పెట్టి కూర్చుని, దాన్ని కూడా వడబోసింది. గుడ్డ మీద మిగిలిన ఒక్కొక్క గడ్డనూ వేళ్ల మధ్య నలిపి నలిపి చూసింది. ఎవరూ చెప్పలేదు. ఎవరూ చూడలేదు కూడా. జవాన్ల చేతుల కింద తల పక్కకు తిప్పి పడుకున్న మామ ఒక్కడే చూశాడు.

మత్తయ్య గాయాన్ని కుట్టలేదు. లోపల దాకా గుడ్డ వత్తి పెట్టి, రోజూ కొంచెం కొంచెం లాగుతూ, అడుగు నుంచి మానేలా చేశాడు. ఆయన దగ్గర పెన్సిలిన్ సీసా ఒకటే ఉంది. బెజవాడ నుంచి కోదాడ మీదుగా వచ్చే బస్సులో ఇంకా మూడు తెప్పించాడు. కలిపిన మందు చెడిపోకుండా తడి ఇసుక కుండలో పెట్టి, ప్రతి మూడు గంటలకూ ఒక సూది. ఐదు రోజులు క్యాంపులోనే ఉండి, పగలూ రాత్రీ తానే వేశాడు. అత్త సూదులు మరిగించేది. నాలుగో రోజు మామకు చెమట పట్టి జ్వరం దిగింది. ఆకలవుతున్నదన్నాడు. అత్త గంజి తాగిస్తూ నోటికొచ్చినట్టు తిట్టిందట. మత్తయ్య మూసిన తలుపు వెనక నిలబడి విని, ఇక భయం లేదనుకున్నాడట.

పదో రోజు వదిలారు. ఆ రోజు కట్టు చూడడానికి వచ్చిన మత్తయ్య ఒక చిట్టీ రాసి, సుబేదారు చేత ముద్ర వేయించి ఇచ్చాడు. ఇది గడ్డ కోసిన గాయం, తుపాకి గాయం కాదు అని. ఎందుకంటే ఇప్పుడు తొడ మీద జానెడు మచ్చ, ఏ క్యాంపువాడు చూసినా వదలడు. ఆ చిట్టీని మామ రెండేళ్లు మొలతాడుకు కట్టుకు తిరిగాడు. ఒక కొట్టులోంచి బయటపడ్డాడు గానీ, ధోతి పైకెత్తి నిలబడడం మాత్రం ఎన్నోసార్లు తప్పలేదు.

గడి నుంచి ఇంటికి వంద బారలు. కర్ర పట్టుకుని, అత్త భుజం మీద చెయ్యేసి నడుస్తూ, సగం దారిలో మామ ఆగాడు.

"సుబేదారు పారబొయ్యిమన్నడు గదనే. మళ్ల ఎందుకు వడబోసినవ్?"

అత్త ఆయన చెయ్యిని భుజం మీద సర్దుకుంది.

"నువ్వు గూడ గుండు కోసమే సూసినవ్" అన్నాడు మామ. కోపంతో కాదు. వానొచ్చేటట్టున్నది అన్నట్టు అన్నాడు. మళ్లీ నడిచాడు.

ఊరంతటి నోరు మూయించిన మనిషి ఆ మాటకు బదులు చెప్పలేదు. ఆ రోజే కడ్డీని కమ్మరి కొలిమిలో వేయించి కొడవలి సాగదీయించింది. తర్వాత మనిషికి గానీ గొర్రెకు గానీ వాత పెట్టలేదు. ఎవరికైనా తొడో, పిరుదో, పిక్కో గట్టిపడి జ్వరమొచ్చిందంటే, పండేదాకా ఆగుదామన్నవాళ్లను తరిమి తరిమి మత్తయ్య దగ్గరికి బండి కట్టించేది. అట్లా తొమ్మిది మందో పది మందో బతికారు. మామతో ఇంకో ముప్పై ఏళ్లు కాపురం చేసింది. ఆయన ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే పోట్లాడుకుని తేల్చుకునేవాళ్లు. ఎత్తకపోవడమే ఆ ఇంట్లో మూడో మనిషిలా ఉండిపోయింది. నేను పెరిగిన ఇల్లు అది. పెద్దగా తిట్లుండేవి, వాటి కింద ఎప్పుడూ ఒక నిశ్శబ్దం ఉండేది. చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు.

మామ పోయిన ఏడాది, నేను అత్తకు తల దువ్వుతూ అడిగాను. "అత్తా, గా రెండోసారి ఎందుకు వడబోసినవ్? మామ మీద నమ్మకం లేకనేనా?"

"లేకుండె" అంది. దాచలేదు. "గా పెచ్చు నా కండ్లల్లనే ఉండె. ఏమో, ఏడ తాకిందో అనుకున్న."

"మరి దొరికుంటే? ఏం జేసేదానివి? సుబేదారుకు ఇచ్చేదానివా?"

ఆమె చప్పున తల వెనక్కి తిప్పింది. దువ్వెన జారి కింద పడింది. నన్ను తిట్టబోయి ఆగింది.

"ఇచ్చుడేందే? అందుకేనా వీపు పెట్టి కూసున్నది? వాండ్లు సూడకముందే నోట్లేసుకుని మింగేదాన్ని."

ఆ చీములో, ఆ వరండాలో, నలుగురు తుపాకివాళ్ల మధ్య.

"గీ ముచ్చట మామకు చెప్పినవా?"

అత్త కింద పడిన దువ్వెన తీసి, కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది.

"ఆయన అడిగింది ఎందుకు వడబోసినవని. నేను జెప్పేలోపట్నే జవాబు గూడ ఆయనే జెప్పుకున్నడు. ఇగ నేనేం జెప్త?" అని, మళ్లీ తల నా వైపు వంచింది. "ముప్పై ఏండ్లు ఎదురుసూసిన, ఇంకోసారి అడుగుతడేమోనని."